కప్ప రకం, పుట్టగొడుగు రకం

మా బాబాయి లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు: కప్ప రకం, పుట్టగొడుగు రకం.

మ్యూజియంలో ఆయన బల్ల మీద రెండు గాజు సీసాలు ఉండేవి. ఒకదానిలో గోధుమరంగు కప్ప. ఆ జాతి ఒక్క కొండవాగు ఒడ్డున తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. నీళ్లు కాస్త వేడెక్కినా చచ్చిపోతుంది. రెండోదానిలో పుచ్చిన దుంగ మీద మొలిచే పుట్టగొడుగు. దుంగ దొరికితే చాలు, దానికి ఏ ఊరైనా ఒకటే.

ఆయన ఈ కొలతకి పెట్టనిది లేదు. పిన్ని కొత్త మిక్సీ కొంటే, "కప్ప రకం. దీని బ్లేడు ఒక్క కొట్లోనే దొరుకుతుంది" అన్నాడు. నా పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రిని పక్కకి పిలిచి, "మావాడు పుట్టగొడుగండీ. ఎక్కడ పడేసినా బతుకుతాడు" అని హామీ ఇచ్చాడు. ఆ సంబంధం తప్పిపోయింది.

"పొగిడాను కదరా."

"వాళ్ళకి అలా వినబడలేదు బాబాయ్."

"మరి కప్పవని చెప్పమంటావా?"

నేనూ అదే మ్యూజియంలో టైపిస్టుని. నిరుడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బాబాయి, బోర్డులు రాసే ఆవిడ, ఇద్దరిలో ఒకరు నలభై కిలోమీటర్ల అవతలి గోదాముకి మారాలి. ఆవిడ ఇల్లు మ్యూజియం ఎదురు సందులోనే. మంచంపట్టిన తల్లికి మధ్యాహ్నం వెళ్ళి అన్నం తినిపించి వస్తుంది. ఉత్తర్వు చదివి రాజీనామా రాసి సొరుగులో పెట్టుకుంది. ఎవర్ని పంపాలో రాసివ్వమని క్యురేటర్ గారు బాబాయినే అడిగారు.

బాబాయి జంతువులకీ మొక్కలకీ నింపే పత్రాలు రెండు తీశాడు. ఆవిడ పత్రంలో, "నివాసం: ఒక్కచోటే. కదిలిస్తే దక్కదు. కప్పతో సమానం." తన పత్రంలో, "ఎక్కడైనా మొలుచును. చెక్క ఉంటే చాలు."

క్యురేటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమిటయ్యా ఇది?"

"గోదాము నిండా చెక్కపెట్టెలే కదండీ."

బాబాయికే బదిలీ అయింది. పత్రాలు టైపు చేసింది నేనే కనక ఆవిడకి సంగతి చెప్పాను. కళ్ళనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను.

"నన్ను కప్పన్నారా? ఆఫీసు కాగితం మీద?"

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి బాబాయిని పావుగంట దులిపేసింది. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"థాంక్స్ చెప్తుందనుకున్నానే," అంది పిన్ని, ఆవిడ వెళ్ళాక.

"అంత కోపమొచ్చిందంటే, రాజీనామా చింపేసినట్టే," అన్నాడు బాబాయి. మోకాలికి మందు రాసుకుంటూ, గోదాముకి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాడు నన్ను.