వణుకు ఆగిన మరిది

ఆమెను పనిచోట అందరూ ఐసక్క అంటారు. కోల్డ్ స్టోరేజీలో పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. వారమంతా రెండు స్వెట్టర్లు వేసుకుని చలిగదుల్లో పండ్ల పెట్టెలు సర్దించే మనిషి, సెలవు దొరికితే చాలు సైకిలెక్కి ఎండలో పడేది. ఒక్క పగటిలో రెండొందల కిలోమీటర్లు తొక్కాలని ఆమె పట్టుదల. రెండుసార్లు ప్రయత్నించి సగంలోనే ఆగిపోయింది. మూడోసారి ఇంకొందరు సైక్లిస్టులతో పాటు మరిది కూడా వెంట వచ్చాడు. అతను డ్రైవింగ్ నేర్పే మాస్టారు, నోటికి తాళం లేని మనిషి.

వసంతం సగం గడిచింది, చెట్లన్నీ చిగురు తొడిగాయి. చలి మళ్లీ వస్తుందని ఎవరనుకుంటారు? పది దాటాక గాలి తిరిగింది. ముందు సన్నజల్లు, ఆ వెనకే వడగళ్లు.

"చూశావా వదినా, నీ ఆఫీసు నీ వెంటే వచ్చింది!" అన్నాడు మరిది, పళ్లు టకటకలాడుతుంటే.

నూట ఇరవయ్యో కిలోమీటరు దగ్గర కొండ వాలు. వేళ్లు కొయ్యబారి ఆమెకు బ్రేకు అందడం లేదు. వెనక మాటలు వినబడక చాలాసేపయిందని అప్పుడు తట్టింది. తిరిగి చూస్తే మరిది సైకిలు పడేసి, తడిసిన స్వెట్టరు జిప్పు లాగుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఉడికిపోతోంది వదినా... తీసేస్తా."

మాట ముద్దగా వచ్చింది. ఒంట్లో వణుకు లేదు. ఆరేళ్ల కిందట చలిగదిలో చిక్కుకుపోయిన హమాలీ కూడా ఇలాగే చొక్కా గుండీలు విప్పుకుంటూ కనబడ్డాడు. అతను బతకలేదు.

వాలు కింద లారీల తూకం గది ఉంది. అతని చెయ్యి భుజం మీద వేసుకుని ఈడ్చుకెళ్లి తలుపు బాదింది. కాపలా ముసలాయన కిటికీలోంచే చూశాడు.

"తాగినోళ్లని రానివ్వనమ్మా."

"తాగలేదు బాబాయ్, చలికి పోతున్నాడు! ముందు తలుపు తియ్యి, తర్వాత ఎంతైనా తిట్టుకో!"

గడియ తెరుచుకుంది. ఆయన అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా ఆమె మరిది తడిబట్టలు ఊడబెరికి, దుప్పటీ గోనెసంచులూ చుట్టి, వెనకనుంచి గట్టిగా పొదివి పట్టుకుంది. ముసలాయన కాళ్లు రుద్దబోతే వారించింది.

"వద్దు బాబాయ్, ముందు ఛాతీ వెచ్చబడాలి. ఏమయ్యా, నిద్రపోకు! మాట్లాడు!"

"క్లచ్... క్లచ్ నొక్కమ్మా," అని గొణిగాడు మరిది.

గోడ గడియారం ముల్లు కదిలినట్టే లేదు. అరగంట గడిచాక అతని దవడ అదిరింది. తర్వాత భుజాలు. చూస్తుండగానే ఒళ్లంతా దడదడ వణికిపోసాగింది.

"అయ్యో, ఎక్కువైందే!" అన్నాడు ముసలాయన.

"వణకనీ బాబాయ్, ఒంట్లో మళ్లీ వేడి పుడుతోంది," అంటూ ఆమె భోరుమంది.

అంబులెన్సు వచ్చేసరికి వాన వెలిసింది. తోటి సైక్లిస్టులు ఇద్దరు ఆగి, "ఇంకా టైముంది, వస్తారా?" అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపి అంబులెన్సెక్కింది.

వానకోటు బరువని మరిది ఇంట్లోనే వదిలేశాడని ఆస్పత్రిలో తెలిసింది. రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. తన వేలికొసలకు నెల దాకా స్పర్శ రాలేదు, కూతురే జడ వేసింది. ఎండలు ముదిరాక అదే దారిన బయల్దేరి, పొద్దు గుంకకముందే రెండొందలూ పూర్తిచేసింది. మరిది మాత్రం కారులో, మూడు దుప్పట్లు పెట్టుకుని వెనకే వచ్చాడు.