మేడమ్ రక్తంలో వచ్చిన అంకె

పటాన్‌చెరులో మా ఆహార పరీక్షల ల్యాబ్‌ను ఏళ్ల తరబడి నడిపిన మేడమ్ మొన్న ఆదివారం పోయారు. కర్దనూర్ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. దిగాల్సిన స్టాపు వచ్చినా లేవలేకపోయాను.

నాకు పని నేర్పింది ఆమే. జ్యూసుల్లో, టీ పొడుల్లో యాంటీ ఆక్సిడెంట్ల శక్తి ఎంతుందో కొలవడం మా పని. నీలం కలిసిన ఆకుపచ్చ ద్రావణంలో శాంపిల్ చుక్క వేస్తే, ఆ శక్తి ఎంత ఎక్కువుంటే రంగు అంతగా వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో మిషన్ అంకెలో చెబుతుంది. మేడమ్ ఒక్కోసారి తను తాగే టీలోంచి కూడా ఓ చుక్క తీసి పరీక్ష పెట్టి, "ఇయ్యాల క్యాంటీనోడు నీళ్లెక్కువ పోసిండు" అనేవారు.

ఒకసారి ఓ ఉసిరి జ్యూసుకు ఎన్నడూ చూడనంత పెద్ద అంకె వచ్చింది. సంబరంగా రిపోర్టు పట్టుకెళ్తే మేడమ్ సంతకం పెట్టలేదు.

"అంకె సూసి మురువకు బిడ్డా. గది ఏడికెల్లి వచ్చిందో అడుగు."

వెతికితే తేలింది, అందులో ఉసిరి తక్కువ, కలిపిన విటమిన్ సి పొడి ఎక్కువ.

అంత నేర్చుకుని కూడా నేను తప్పు చేశాను. రక్తంలోనూ ఇదే కొలిచే పని వచ్చినప్పుడు, పద్ధతి సరిచూసుకోవడం కోసం మొదట మా రక్తమే ఇచ్చుకున్నాం. అందరిలోకీ మేడమ్‌దే పెద్ద అంకె. "మీరు నూరేండ్లు బతుకుతరు మేడమ్" అని చప్పట్లు కొట్టింది నేనే. మిర్చీ బజ్జీలు తెప్పించాం. ఆమె నవ్వుతూ ఒకటి తిన్నారు.

ఏడాది తర్వాత మాకు తెలిసింది, ఆమె కిడ్నీలు పాడయ్యాయని. యూరిక్ యాసిడ్ కూడా మా పరీక్షలో యాంటీ ఆక్సిడెంట్ కిందే లెక్క. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుని అంకెను పెంచుతుంది. నేను చదువుకున్న సంగతే. జ్యూసు సీసా గురించి అడిగిన ప్రశ్న మనిషి గురించి అడగలేదు. అది నన్ను ఇంకా తింటూనే ఉంది.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లి చెప్పేశాను. "ఆ దినమే నేను అడగాల్సి ఉండె మేడమ్."

"నాకు ఆ దినమే అనుమానం వచ్చింది. తెల్లారి సంగారెడ్డి పోయి పరీక్ష చేయించుకున్న."

"మరి మాకెందుకు చెప్పలే?"

"మీరు మస్తు ఖుషీగ ఉంటిరి. ఇగ ఎందుకు పరేషాన్ చేసుడని ఊకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. ఏం చేయాలో తోచక, తీసుకెళ్లిన కొబ్బరినీళ్ల సీసా ఆమె ముందు పెట్టాను. డయాలసిస్ మీదున్న ఆమెకు అవి పడవనీ, మామూలు నీళ్లైనా రోజుకు కొలిచే తాగాలనీ అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో వెనక్కి తీసుకోబోయాను. ఆమె ఒప్పుకోలేదు. తనే గ్లాసులో పోసి నా చేతికిచ్చారు.

"తాగు. ఎండల పడి వచ్చినవ్."

తాగాను. ఆమె చూపు గ్లాసు మీదే ఉంది. నేను గుటక వేసినప్పుడల్లా ఆమె గొంతు కూడా కదిలింది.