అక్క పంపిన స్లైడు

నలభై ఏళ్లు దాటినా ఆ కోపం నాకింకా తగ్గలేదు. తగ్గాలని కోరుకోవడం కూడా మానేశాను.

డెబ్బైల చివర్లో జంషెడ్‌పూర్‌లో పశువుల రోగాల ల్యాబులో పనిచేసేవాణ్ణి. చచ్చిన పశువుల రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూసి ఏ రోగమో తేల్చడం నా పని. బిర్సానగర్‌లో మా అక్క మూడు గేదెల్ని పెట్టుకుని పాలు అమ్మేది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. అటువైపు ఏ పశువు చచ్చినా నేను వెళ్లేసరికి ఆలస్యమైపోయేది. అందుకని చెవి కొన గాటుపెట్టి, రక్తపు చుక్కను స్లైడు మీద పలచగా పరవడం అక్కకి నేర్పాను. వారం తిరక్కుండా మా కాంపౌండరు కంటే బాగా చేసింది. మా పెద్దసారు ముందు గొప్పలు కూడా పోయాను.

ఓ వేసవిలో ఆవిడ గేదే చచ్చింది. ముందురోజు శుభ్రంగా మేసింది, తెల్లారేసరికి ముక్కులోంచి నల్లటి నెత్తురు. దొమ్మ రోగమేమోనని, అదే ఆంత్రాక్సేమోనని అనుమానం. దొమ్మయితే కళేబరాన్ని కోయకూడదు, తోలు తియ్యకూడదు. కోసినవాడికీ అంటుకుంటుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి. ఇదంతా అక్కకి కంఠతా వచ్చు. బావ చేత స్లైడు పంపింది.

"నువ్వు సూసి సెప్పేదాకా ఎవుల్నీ ముట్టనివ్వనన్నాదిరా మీ అక్క" అన్నాడు బావ.

రంగు వేసి చూశాను. ప్రతి ఎర్రకణం నడుమా గింజలాంటి చుక్క. గేదె రక్తంలో అది ఉండదు, కోడి రక్తంలో ఉంటుంది. ఎవరి నెత్తురైనా ఎర్రగానే ఉంటుంది కదా అనుకుంది పిచ్చిది. చుక్కని పరవడం నేర్పాను గానీ, లోపల నేనేం చూస్తానో ఎప్పుడూ చెప్పలేదు.

సైకిలెక్కి పరిగెత్తాను. గేదె లేదు, గొయ్యీ లేదు. అక్క పేడ ఎత్తుతోంది.

"గేదేదే అక్కా?"

"జుగ్సలాయిలో తోళ్లు ఒలిసీ ముసిలాయన బండి తెచ్చి ఒట్టుకెళ్లిపోనాడు."

"నాకు కోడి నెత్తురు పంపుతావేటి?"

తలెత్తకుండానే అంది: "సున్నం గొయ్యి సూత్తే ఈదిలో అందరికీ తెలిసిపోద్ది. మిగతా రెండిటి పాలు ఎవులు పోయించుకుంతారు? నీకు సెప్తే ఒప్పుతావేటి?"

"మరాయనెలాగ ఒప్పుకున్నాడు? ఆళ్లకి ఈ రోగమంటే బయమే కదా."

"ముందు ఒప్పలేదు. మా తమ్ముడు మిషన్లో సూసీసినాడు, ఏటీ నేదన్నాడని సెప్పినాను."

పేడతట్టని ఒక్క తన్ను తన్నాను. ఇంకో మనిషెవరైనా అయితే మోసం అని ఊరుకుందును. చేత్తో అన్నం పెట్టినావిడ నా పేరే అడ్డం పెట్టి ఒక మనిషిని ఆ కళేబరం మీదికి తోలింది.

జుగ్సలాయి చేరేసరికి తోలు ఒలవడం అయిపోయింది. ముసలాయన ముంజేతికి కత్తి గీరుకుని ఉంది. తోలూ కళేబరమూ పూడ్పించి ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లాను. దొమ్మ అని మొత్తుకున్నా, గీతకే ఇంత హడావుడా అని కట్టుకట్టి పంపేశారు. మూడో రోజుకి అక్కడ బొబ్బ లేచి నడుమ బొగ్గులా నల్లబడింది. ఆ నీటితో స్లైడు నేనే వేశాను. దొమ్మ క్రిములు వరసలు కట్టి కనిపించాయి. అది చూపించాక ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వారం రోజులు చావుబతుకుల్లో ఉండి ఆయన గట్టెక్కాడు.

లేచి కూర్చున్న రోజున మంచం పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. ఆ గేదె రక్తం నేను చూడనే లేదని, మా అక్క నీతో అబద్ధమాడిందని, వచ్చిన హిందీలో.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నహీ బాబూ. దీదీ ఝూఠ్ నహీ బోల్తీ."

అక్క అబద్ధమాడే మనిషి కాదట. మిషన్లో నేనే సరిగ్గా చూసుండనట. పొరపాటు ఎవరికైనా వస్తుంది, నీ మీద నాకేం కోపం లేదు బాబూ అని, కట్టు కట్టిన చేత్తో నా భుజం తట్టి నన్నే ఓదార్చాడు.