పైకి పోతానండీ

మన దేశం చేసిన మొదటి ఉపగ్రహం రష్యావాళ్ళ రాకెట్ ఎక్కి వెళ్ళిన ఏడాది నేను పటమటలో ఎనిమిదో తరగతి. ఆడపిల్లల బడి. ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో హెడ్మిస్ట్రెస్ గారికే తెలియదు. అందుకని మా సైన్సు టీచరుగారు బత్తాయిని భూమిని చేసి, నిమ్మకాయని చంద్రుణ్ణి చేసి పాఠం చెప్పారు. సూర్యుడిగా పెట్టిన బల్బు కరెంటు పోయి ఆరిపోతే, ఆవిడే మధ్యలో నిలబడి సూర్యుడయ్యారు. పాఠం అయ్యాక భూమిని మేం తలో తొనా తినేశాం. "మీలో ఎవరైనా అక్కడికి వెళ్ళొచ్చు" అన్నారావిడ చెమట తుడుచుకుంటూ. ఎవరైనా అంటే నేనే అనుకున్నాను. మొదటినుంచీ నాకు ఆ జబ్బుంది.

ఆ నెలలోనే ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఒక్కొక్కర్నీ లేపి పెద్దయ్యాక ఏం చేస్తావని అడిగారు. నా ముందు పిల్ల నర్సునవుతానంది. నేను గొంతు పెంచి, "పైకి పోతానండీ" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు గారు మాత్రం నవ్వలేదు. "పైకి రావాలమ్మా, పోకూడదు" అన్నారు మెల్లిగా, జ్వరం వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు. మన భాషలో పైకి రావడం వేరు, పైకి పోవడం వేరు. దండలు మాత్రం రెండింటికీ వేస్తారు.

ఈ కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. నాయనమ్మ హడలిపోయి పాస్టరు గారిని పిలిపించింది. పాపం, ఆయన సంగతేమిటో అడక్కుండానే నా నెత్తిన చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ మనసులో ఉన్న కోరికను త్వరగా నెరవేర్చుము" అని మొదలుపెట్టారు.

"అయ్యో, వొద్దండీ! ఆపండి అయ్యగారూ!" అంటూ నాయనమ్మ ఆయన చెయ్యి లాగేసింది. ఆమెన్ అననివ్వలేదు.

నాన్నకి మాత్రం నా మాట అర్థమైంది. ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఆయనది. "మా అమ్మాయి రాకెట్ ఎక్కుద్దంట" అని వచ్చిన ప్రతి డ్రైవరుకీ చెప్పేవాడు. "అయితే దానికి బాడీ మీరే కట్టండి, హారన్ మాత్రం గట్టిది పెట్టండి" అనేవాళ్ళు వాళ్ళు. నాన్న మురిసిపోయేవాడు. నన్ను ఆయనంతగా నమ్మిన మనిషి అప్పట్లో ఇంకొకరు లేరు.

తొమ్మిదిలోకి వెళ్ళేటప్పుడు అసలు గొడవ వచ్చింది. లెక్కల్లో జనరల్ అనీ కాంపోజిట్ అనీ రెండు రకాలు ఉండేవి. కాంపోజిట్ చదవకపోతే కాలేజీలో లెక్కల గ్రూపు ఇవ్వరు. అంటే రాకెట్ ఎక్కడం అటుంచి, దాని దరిదాపులకి కూడా వెళ్ళలేం. మా బళ్ళో ఉన్నది జనరల్ ఒక్కటే. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మాయికి కాంపోజిట్ కావాలండీ."

"ఆడపిల్లకి ఎందుకండీ? అది చెప్పే టీచరు కూడా లేరు మాకు."

"అదేందండీ! లెక్కల్లేకుండా ఆకాశంలోకి ఎట్టా పోద్ది?" అని నాన్న బల్ల గుద్దాడు. గర్వంతో నా చెవులు వేడెక్కాయి.

హెడ్మిస్ట్రెస్ గారు విసుగ్గా కిటికీ వైపు చెయ్యి చూపించారు. "అంత పట్టుదలగా ఉంటే ఆ ఎదర బళ్ళో చేర్పించుకోండి. అక్కడ కాంపోజిట్ ఉంది. ఆడపిల్లల్నీ తీసుకుంటారు, ఇప్పటిదాకా ఎవరూ చేరలేదంతే. నేను మాట్లాడతాను."

నాన్న కిటికీలోంచి చూశాడు. రోడ్డవతల మగపిల్లలు గోడెక్కి కూర్చుని ఈలలు వేస్తున్నారు.

"మగపిల్లల మధ్యనా?" అన్నాడు. గొంతు మారిపోయింది. "జనరలే ఉండనివ్వండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వచ్చేదాకా సైకిలు వెనక కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను. నన్ను ఒంటరిగా చంద్రుడి మీదికి పంపడానికి ఏ అభ్యంతరమూ లేని మనిషి, రోడ్డు దాటించడానికి మాత్రం ఒప్పుకోలేదు.