కొమురెల్లి పేర్చిన పసుపు బస్తాలు

మెట్‌పల్లిలో పసుపు గోదాములకు దారి అడగనక్కరలేదు, ముక్కే తీసుకుపోతుంది. పాత యాత్రికుల రాతల్లో ఈ వాసన పట్టిన వాక్యం ఎంత వెదికినా దొరకదు. వాళ్లకు కోటలు కావాలి, ఏనుగులు కావాలి. జగిత్యాల కోట గోడ చూడండి, కట్టించిన దొర ఎవరో ఊరంతా చెబుతారు. రాయి మీద రాయి కుదురుగా పెట్టిన చెయ్యి ఎవరిదంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

కొమురెల్లిది అలాంటి చెయ్యి. రైతుల అమ్మకపు సొసైటీ గోదాములో హమాలీ. బస్తాలు మోసేవాళ్లు చాలామంది ఉంటారు గాని పేర్చేవాళ్లు తక్కువ. ఒక వరుస అడ్డంగా, ఒక వరుస నిలువుగా, మూలలు ఒకదాన్నొకటి పట్టుకునేట్టు అతను పేర్చితే దూలం దాకా పోయినా ఇటు వాలదు, అటు జారదు. మణికట్ల దాకా చేతులెప్పుడూ పసుపుపచ్చగానే ఉండేవి. కడిగినా పోయేది కాదు.

సొసైటీ అధ్యక్షుడు హనుమండ్లు పటేలంటే అతనికి ప్రాణం. భార్య రామవ్వ కాన్పు కష్టమై పడివున్న రోజున పటేలు తన కచ్చురం బండి కట్టించి, తనే ఎడ్లను తోలుకుంటూ జగిత్యాల దవాఖానకు తీసుకుపోయాడు. బిడ్డ దక్కలేదు, రామవ్వ దక్కింది. అందుకే నిజాం పాలన పోయాక కొత్త రాష్ట్రం ఏర్పడ్డ మరుసటేడు ఎండాకాలంలో పటేలు అతన్ని గోదాము వెనక్కి పిలిచి అడిగినప్పుడు కాదనలేకపోయాడు.

ధర వచ్చేదాకా దాచమని రైతులు పెట్టిన పసుపులో సగానికి పైగా పటేలు చాటుగా ఓ వ్యాపారికి అమ్ముకున్నాడు. ఆ డబ్బుతో బావి తవ్వించి ఆయిల్ ఇంజను పెట్టించాడు. ఇప్పుడు ఆడిటర్ వస్తున్నాడు.

"బయటికి నిండుగ కనవడాలె, నడుమ ఏం లేకున్నా నిలవడాలె. అయితదారా?"

"గోడ లెక్క కడితే అయితది పటేలా. పైన బొంగులు పరిచి వాటి మీద బస్తాలెయ్యాలె."

"జర చెయ్యిరా. కొత్త పంట రాంగనే నేనే నింపుత."

కొమురెల్లి కట్టాడు. నడుమ ఆధారం లేకుండా బస్తాల గోడలు నిలబెట్టడం మామూలు సంగతి కాదు. కట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకుంటే అతనికే ముచ్చటేసింది. సద్ది తెచ్చిన రామవ్వకు చూపించాడు.

"చూసినవా, ఎట్ల నిలవడ్డదో?"

"లోపలేమున్నదయ్యా?"

"గాలి" అని నవ్వాడు.

రామవ్వ నవ్వలేదు. సద్ది కింద పెట్టి వెళ్లిపోయింది.

ఆడిటర్ పేరు వాహెద్. నిజాం కాలం నుంచీ నౌకరీలో ఉన్న మనిషి. పటేలు చెప్పిన ప్రతి మాటకూ "అచ్ఛా" అంటూనే, అదే మాట ఇంకొకరిని వేరుగా అడిగేవాడు. కాంటా పెట్టేవాణ్ని హోటల్లో చాయ్ తాగిస్తూ అడిగాడు. కోరుట్ల బాటలో బండ్లవాళ్లను ఆపి, ఏ నెలలో ఎక్కడి సరుకు గోదాముకు తోలారో అడిగాడు. ఎంత పసుపు పెట్టారో చెప్పమని రైతులకు కార్డులు రాసి, జవాబులు సొసైటీకి కాకుండా తనకే వచ్చేట్టు చేసుకున్నాడు. అన్నీ సొసైటీ లెక్కలతో సరిపోయాయి. పసుపు వచ్చిన మాట నిజమే మరి.

"వచ్చింది రుజువైంది పటేల్ సాబ్" అన్నాడు. "ఇప్పుడు ఉన్నదా లేదా చూడాలె."

గోదాములో పటేలు చూపించిన బస్తాలు వదిలేసి, తనకు నచ్చినచోట కుట్లు విప్పించాడు. ఎక్కడ విప్పినా పసుపు కొమ్ములే. ఆ తర్వాత తలెత్తి చూశాడు.

"వాహ్! ఎవరు పేర్చిండ్రు?"

"మా కొమురెల్లి, సాబ్. బస్తాలిస్తే చార్మినార్ గూడ కడ్తడు" అన్నాడు పటేలు.

"అయితే చార్మినార్ ఎక్కి చూడాలె కద!" అని వాహెద్ నిచ్చెన మీద కాలు పెట్టి, ఒక మెట్టుకే మోకాలు పట్టుకుని దిగాడు. "నా మోకాలు నా మాట వింటలేదు. కొమురెల్లీ, నా బదులు నువ్వెక్కు. పై బస్తాలు జరిపి లోపలికి చూసి చెప్పు."

కొమురెల్లి ఎక్కాడు. బస్తాలు జరిపాడు. బొంగుల సందులోంచి తను వదిలిన చీకటి కనబడింది. కింద పటేలు తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఏమున్నది?"

"నిండుగున్నది సాబ్."

దిగి వచ్చేసరికి వాహెద్ ఒక బస్తా మీద కూర్చుని రాస్తున్నాడు. రాసింది పైకి చదివాడు. "బయటి బస్తాలు నేను తెరిపించి చూసిన. లోపలివి నేను చూడలే. పైకెక్కి చూసిన హమాలీ కొమురెల్లి, నిండుగున్నదని చెప్పిండు."

"గదంత ఎందుకు సాబ్?" అన్నాడు పటేలు. "సరుకున్నది అని రాస్తె అయిపాయె!"

"నేను చూడనిది చూసిన అని ఎట్ల రాస్త? ఎవరి కండ్లు చూసినయో వాళ్ల పేరు ఉండాలె." సిరా డబ్బీ ముందుకు జరిపాడు. "వేలు పెట్టు కొమురెల్లీ."

సొసైటీ కాగితాల్లో ఎప్పుడూ 'హమాలీలు' అనే రాసేవారు. తన పేరు ఒక కాగితం మీద ఉండగా వినడం కొమురెల్లికి అదే మొదటిసారి. బొటనవేలు ధోవతికి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"జర ఆగుండ్రి సాబ్."

అందరినీ ద్వారం దాకా జరగమన్నాడు. ఏ బస్తా మీద గోడంతా ఆగిందో అతనికి తెలుసు. దాన్ని రెండు చేతులా పట్టి గుంజి, పక్కకు దూకాడు. గోడ లోపలికి కూలింది. గోదామంతా పసుపు దుమ్ము లేచింది. అది అణిగాక నడుమ వట్టి నేల కనబడింది.

"అరేయ్!" అన్నాడు పటేలు. "నీ పెండ్లాన్ని బతికిచ్చిన గదరా!"

కొమురెల్లి వచ్చి వాహెద్ ముందు నిలబడ్డాడు.

వాహెద్ మోకాలు రుద్దుకున్నాడు. "తప్పు నాది గూడ ఉన్నది. ఎక్కవలసింది నేను" అని, కలం తీశాడు. "నిండుగున్నదన్న మాట కొట్టెయ్యాల్నా?"

"ఉండనియ్యుండ్రి సాబ్. అన్నది నేనే గద."

ఆ మాట కింద ఒకటి, గోడ తనే గుంజి చూపాడని వాహెద్ రాసిన మాట కింద ఒకటి, రెండు వేలిముద్రలు పెట్టాడు.

పటేలు బావితో సహా మడి అమ్మి రైతుల పసుపు కట్టిచ్చాడు, పదవి పోయింది. కొమురెల్లిని నిజం చెప్పినవాడని ఊరు మెచ్చుకునేది. ఎవరైనా ఆ మాట ఎత్తితే అతను లేచి పోయేవాడు. పటేలు భార్య బుచ్చవ్వ నీళ్లకు వస్తే రామవ్వ ఖాళీ బిందెతో వెనక్కి తిరిగేది.

పదేళ్ల తర్వాత నేను పసుపు కొనడానికి పోయిన ఒక సేఠ్ గోదాములో అతను పేర్చిన బస్తాలు చూశాను. నడుమ మనిషి పట్టేంత సందు, ఈ చివర నుంచి ఆ చివర దాకా, వెలుగు కనబడుతూ.

"జాగంత ఖరాబు చేస్తున్నవ్ కొమురెల్లీ" అని సేఠ్ విసుక్కుంటున్నాడు.

"మోకాళ్లు నొచ్చేటోళ్లు వస్తరు సేఠ్. ఎక్కకుంట కిందనే నిలవడి చూసుకోవచ్చు."

సేఠ్ అటు పోయాక, ఇన్నేళ్లలో పేర్చినవాటిలో అన్నిటికంటే బాగా కుదిరిందేది అని అడిగాను. కొమురెల్లి తన పసుపుపచ్చని చేతుల్ని చూసుకున్నాడు.

"గదే, లోపల గాలున్నది" అన్నాడు తలెత్తకుండా. "అసొంటిది మల్ల నా చేతిల పడలే."