మున్నేరు చేరని కొర్రమీనులు

జగ్గయ్యపేట వైపున్న మా ఊరి చెరువులో సర్కారువాళ్లు బొచ్చె చేపపిల్లల్ని వదులుతారని ఆ ఏడు చాటింపు వేశారు. వాటిని తినేస్తాయని, ఉన్న కొర్రమీనుల్ని ముందే పట్టేయమన్నారు. అవి మా తాతల నాటి నుంచి ఆ చెరువులోనే పుట్టి పెరిగినవి. చంపడం ఎందుకని, గాలం వేయడం వచ్చిన వాళ్లమంతా కూలి లేకుండా పట్టి మున్నేట్లో వదలడానికి ఒప్పుకున్నాం. నాకు గాలం మా నాన్న నేర్పాడు.

నోరు చీలకుండా గాలాల ముళ్లు ఆకురాయితో అరగదీశాం. వడ్లు పోసుకునే బానలు నేనే ఇచ్చాను. చేప పైకొచ్చి గాలి పీల్చుకునేలా నీళ్లు సగమే పోసి, మీద తడి గోనె కట్టాను. బండి మా తమ్ముడిది.

"మెల్లగా తోలు. ఒక్కటి చచ్చినా ఊరుకోను," అన్నాను.

"నీ పిల్లల్ని కూడా ఇంత ముద్దుగా చూళ్లేదే అక్కా!" అని నవ్వుతూ తోలుకుపోయాడు.

మర్నాడు విత్తనాలకని నందిగామ వెళ్లాను. సంతలో చేపలమ్మే ఆమె ముందు నా బాన ఉంది. అంచు పగిలితే సున్నం, బెల్లం కలిపి నేనే అతికిన బాన.

"బతికున్నవమ్మా! నిన్న జగ్గయ్యపేట వైపు బండాయన తెచ్చిచ్చాడు. ఇంత జాగ్రత్తగా తెచ్చేవాళ్లని నేను చూళ్లేదు," అందామె.

కొర్రమీను బతికుంటేనే ధర. నేను కట్టిన గోనె ఇంకా తడిగానే ఉంది.

బానలో రెండే మిగిలాయి. విత్తనాల డబ్బులిచ్చి వాటిని కొన్నాను. మున్నేటికి మోసుకెళ్లి వదిలాను.

ఇంటికొచ్చి అడిగితే, "చేపలే కదక్కా," అన్నాడు తమ్ముడు. వాడి బండి మళ్లీ ఎక్కలేదు.