అమ్ములు పేరున్న మూత

బర్మాలో, బోటాటౌంగ్ రేవు పక్కన పాత గోదామును పడగొట్టారు. కొత్త కట్టడం లేచేలోపు నేలలో ఏముందో చూద్దామని తవ్వకం మొదలుపెడితే సుధామణి ఆ పనిలో చేరింది. తాత ఈ రేవులోనే మూటలు మోశాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. తల్లి పోయాక ఆ ఇంట్లో తెలుగు వినపడటం మానేసింది.

గోతిలో పనికి మాటలతో అవసరం లేదు. దారం కట్టిన గడిలో మోకాళ్ళ మీద కూర్చుని, తాపీతో మట్టిని పొరపొరగా గీకాలి. రంగు మారితే ఆగాలి. ఏదైనా కనబడితే చుట్టూ కుంచెతో దులపాలి గాని ముట్టుకోకూడదు. సయామ వచ్చి, పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీస్తుంది. తోటి పనివాడు కెల్విన్ టేపు పట్టి దూరం, లోతు కొలుస్తాడు. ఆ తరవాతే వస్తువు లేస్తుంది.

సయామ అంటే తవ్వకం నడిపే బర్మా అమ్మాయి మ సండా. పంతులమ్మను పిలిచినట్టు అందరూ ఆమెను అలా పిలుస్తారు. మొదటి రోజే ఆమె చెప్పింది, "వస్తువు చెప్పేది సగమే. మిగతా సగం అది పడి ఉన్న చోటు చెబుతుంది" అని. చోటు తెలియనివన్నీ ఒక నీలం తొట్టెలో పడేవి. వాటిలో మంచి మంచి ముక్కలు ఉండేవి. సుధామణికి ఆ తొట్టె వైపు చూస్తే ఎందుకో దిగులు.

ఆ రోజు వాన వెలిసింది. మట్టి మెత్తగా ఉందని చెప్పులు పైనే విడిచి దిగింది. నల్లమట్టిలో పొయ్యి బూడిద, పింగాణీ పెంకులు తేలుతున్నాయి. కూలీల పాకలు ఇక్కడే ఉండేవని సయామ అనుమానం. సుధామణి బుట్ట అందుకోబోయి ఒక అడుగు వెనక్కి వేసింది. మడమ కింద చల్లగా ఏదో తగిలింది. తిరిగి చూస్తే అరచేతంత ఇత్తడి మూత, పచ్చగా చిలుము పట్టి ఉంది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. తెలుగు అక్షరాలు.

అక్షరాలకు కాలు తగిలింది. అంతే, చెయ్యి దానంతటది వెళ్ళి మూతను తీసి కళ్ళకద్దింది. చిన్నప్పుడు పుస్తకం తొక్కితే తల్లి చేయించిన పని.

"ఏటాంటీ, గుడికొచ్చేవా?" అన్నాడు పైనుంచి కెల్విన్.

ఏం చేసిందో అప్పుడు తెలిసింది. మూత తీయడానికి ఎత్తిన మడమ మళ్ళీ ఆ చుట్టుపక్కలే దిగింది. ఇక అడుగు కదపకుండా నిలబడిపోయింది.

కెల్విన్ దిగి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, బాప్టిస్టుల అబ్బాయి. అతనికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. "మల్లా అక్కడే పెట్టీయి. సయామ టీ తాగతంది. ఎవులు సూసినారు?"

"నువ్వు సూసినావు గదా."

"నాను కళ్ళు మూసుకుంటాను. ప్రార్థన సేస్తన్నాననుకో."

పెట్టేయాలనే ఉంది. చుక్కలు కూడబలుక్కుని చదివింది: అమ్ములు. ఎవరో గిన్నె కొనిచ్చి పేరు కొట్టించారు. చోటు లేకపోతే ఇది నీలం తొట్టెలో ఇత్తడి ముక్క. అమ్ములు ఈ పాకల్లో వండుకు తిన్నదని ఎవరూ అనలేరు. కానీ పెట్టడం ఎక్కడ? పేరున్న అంచు ఎటు తిరిగి ఉంది? పేరు పైకి ఉంది, అంతవరకే గుర్తు. తోచినచోట పెడితే అది సుధామణి చెప్పిన చోటవుతుంది గాని అమ్ములు వదిలిన చోటు కాదు.

"సయామని పిలు," అంది.

మ సండా అంతా విని తిట్టలేదు. అదే కష్టమనిపించింది. "కళ్ళకెందుకు అద్దుకున్నారు, డో సుధామణి?" అని, పెద్దవాళ్ళకు చేర్చే డోతో మర్యాదగా, బర్మాలో అడిగింది.

"చదువును తొక్కాను, సయామా."

మ సండా "కాలు మెల్లిగా తీయండి" అంటూ మోకాళ్ళ మీద వంగింది. మెత్తటి మట్టిలో మడమ గుర్తు పడి ఉంది. దాని పక్కనే నెలవంకలాంటి పచ్చటి మరక. చిలుము దిగిన చోటు. మిగతా సగం మడమ కింద నలిగిపోయింది. ఆమె కొలబద్ద పెట్టి ఫోటో తీసింది. కెల్విన్ కొలిచాడు. 'కొలవకముందే ఎత్తారు, చోటు మరకను బట్టి' అని రాసుకుని, మూత మీది పేరు ఎలా పలకాలని మ సండా అడిగింది.

"అమ్ములు."

"అంములూ?"

"అమ్ములు." రెండోసారి చెప్పేటప్పుడు సుధామణి గొంతు ఎవరినో పిలిచినట్టు వచ్చింది.

"ఎవులాంటీ, మీవోల్లా?" అన్నాడు కెల్విన్.

"ఏటో. అడగడానికి ఎవులున్నారు."

మూత చీటీ కట్టిన సంచీలోకి వెళ్ళింది. ఫోటోలో పచ్చ మరక పక్కనే సుధామణి మడమ గుర్తు ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికి నడిచి వచ్చి కుళాయి కింద కాళ్ళు పెట్టింది. 'ఇయ్యాల మూతొకటి దొరికిందే' అన్న మాట నోటిదాకా వచ్చి, వినేవాళ్ళు లేక అక్కడే ఆగింది. మడమ మీద కొంచెం పచ్చదనం అంటుకుని ఉంది. ఆ మేర సబ్బు రాయకుండా వదిలేసింది.